ఎడమ కాలి బిగువు

పిక్క అనే మాటను మా ఇంట్లో ఎవరూ గట్టిగా అనరు. మోకాలి కింద అంటాం, కాలి వెనక అంటాం, లేకపోతే వేలితో చూపించి ఊరుకుంటాం. మా నాయనకు ఎడమ కాలికి పిక్క లేదు. మోకాలి నుంచి చీలమండ దాకా చర్మం ఎముకను అంటుకుని, నల్లగా, అక్కడక్కడ నిగనిగలాడుతూ ఉంటుంది. అలాంటి ఇంట్లో పుట్టి, పరుగులో నెగ్గితే తప్ప రాని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను నేను. పెట్టిన రోజు నుంచీ నా భయమంతా నా పిక్కల మీదే.

కానిస్టేబుల్ కావాలంటే ఆడపిల్లలు పదహారు వందల మీటర్లు గడువులోపల పరిగెత్తాలి. మొదటి రాత పరీక్ష ఎలాగో గట్టెక్కాను. పరుగుకు మాత్రం ఒక్కటే అవకాశం. ఆ రోజు కాలు పట్టేసినా, కడుపులో తిప్పినా, లేసు ఊడినా ఎవరూ రేపు రమ్మనరు. వచ్చేసారి ఉద్యోగాలు పడేనాటికి నా వయసు దాటిపోతుంది. ఇవన్నీ నాకు నిద్రలో కూడా గుర్తుండేవి. స్వతహాగా నేను భయస్తురాలిని. బస్సెక్కితే టికెట్టు పడిపోతుందేమోనని దిగేదాకా పిడికిట్లో పట్టుకుని కూర్చుంటాను. అలాంటిదానికి పోలీసు ఉద్యోగం ఎందుకని మా చుట్టాలు నవ్వారు. భయం లేనివాళ్ళయితే ఇంత పొద్దున్నే లేచి పరిగెత్తరని వాళ్ళకు తెలియదు.

ఆత్మకూరులో మాజీ సైనికుడొకాయన ఆడపిల్లలకు విడిగా పరుగు నేర్పుతున్నాడని తెలిసి అక్కడ గది తీసుకున్నాను. వరికుంటపాడు అమ్మాయి ఒకతె నాతో కలిసి ఉండేది. తెల్లారకముందే గ్రౌండుకు పోయేవాళ్ళం. ఎండకు ఎండి ఎండి సిమెంటు గచ్చులా తయారైన నేల అది. నేను చుడీదార్ ప్యాంటులోనే పరిగెత్తేదాన్ని. మూడో వారానికి తొడలు ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయాయి. కొబ్బరినూనె రాసుకుంటే మంట, రాసుకోకపోతే ఇంకా మంట. దానికి తోడు మోకాలి కింద, వెనక వైపు, రెండు కాళ్ళూ రాయి కట్టినట్టు బరువెక్కేవి. ఈ రోజు పరిగెత్తితే రేపు మెట్లు దిగలేను. ఎల్లుండికి కాస్త తగ్గుతుంది, అవతలి రోజు మళ్ళీ మొదలు. ఇలా రోజు మార్చి రోజు కుంటుతుంటే నేను ఎప్పటికి గడువులోకి వస్తానని లోపల ఒకటే గుబులు.

సారు నా నడక చూసి పిలిచాడు.

"ఏందమ్మా, ఆ గుడ్డ చూస్తే గాలికి కొట్టుకుంటా ఉండాది, ఆ కండ చూస్తే అది వేరే ఊగతా ఉండాది. కంప్రెషన్ ప్యాంటు ఒకటి తెచ్చుకో."

"దాంతో స్పీడ్ వస్తాదా సార్?"

"రాదు. స్పీడ్ నువ్వు తెచ్చుకోవాల. అది కండను ఊగకుండా పట్టుకుంటాది, అంతే. ఒరుపు ఉండదు. ఈ పొద్దు పరిగెత్తినదానివి రేప్పొద్దున కూడా లేచి పరిగెత్తతావు. అది చాలదా?"

నెల్లూరు పోయి తెచ్చుకున్నాను. నల్లటిది, చీలమండ దాకా ఉండేది. అంగడి అబ్బాయి చేతిలో పెడితే చిన్నపిల్లల బట్టలా ఉంది. సైజు తప్పిచ్చాడని గొడవ పెట్టుకున్నాను. ఇదే మీ సైజు మేడమ్ అని అతను, కాదని నేను. గదికి వచ్చి వేసుకుంటుంటే మోకాలి దగ్గర ఆగిపోయింది. వరికుంటపాడు పిల్ల మంచం మీద పడి పడి నవ్వింది. "నిన్ను దాంట్లోకి తోసేదానికి ఇద్దరు మనుషులు కావాల్నే," అంది. చివరికి సాక్సు వేసుకున్నట్టు కింద నుంచి కొంచెం కొంచెంగా లాక్కుంటూ పోతే ఎక్కింది. ఎక్కాక ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఇందులో పరిగెత్తడం కాదు కదా, కూర్చోగలనా అని భయమేసింది.

మర్నాడు పరిగెత్తాను. మొదటి రౌండులో తేడా ఏమీ తెలియలేదు. రెండో రౌండులో, నేను తొడల గురించి ఆలోచించడం లేదని గమనించాను. గుడ్డ ఒంటికి అంటుకుని ఉంది కాబట్టి ఒరుసుకోవడానికి ఏమీ లేదు. కాలు నేలకు తగిలినప్పుడల్లా కండ అదిరి, ఆ అదురు మోకాలిదాకా పాకేది ఇదివరకు. ఇప్పుడు ఎవరో రెండు చేతులతో పట్టుకున్నట్టు ఉంది. చలికాలం పొద్దున కాబట్టి కాళ్ళు తొందరగా వేడెక్కాయి. వేగం పెరిగిందా అంటే సారు చెప్పినట్టే పెరగలేదు. కానీ మరుసటి రోజు పొద్దున మెట్లు మామూలుగా దిగాను. దిగి, నమ్మకం చాలక మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగాను. నొప్పి పూర్తిగా పోలేదు, నడవనిచ్చేంతకు తగ్గింది. ఆ తర్వాత రోజు మార్చి రోజు కుంటడం పోయింది. రోజూ పరిగెత్తగలిగాను కాబట్టి నెమ్మదిగా గడువు దగ్గరికి వచ్చాను. నా మటుకు ఆ ప్యాంటు చేసిన మేలు ఇదే. ఇంకొకటి కూడా ఉంది, చెబితే నవ్వుతారేమో. ఒళ్ళంతా వణికే మనిషికి ఏదో ఒకటి గట్టిగా పట్టుకుని ఉండటం బాగుంటుంది.

పరీక్షకు ముందు వారాంతం ఉదయగిరి వచ్చాను. ఇంట్లో పెద్ద గండం ఇంకొకటి ఉంది. ఆ ప్యాంటు అమ్మకు చూపించాలి.

అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టు గట్టిది, వంక పెట్టడానికి ఉండదు. అయినా మా వీధిలో వయసు పిల్లలు ఆమె దగ్గర కుట్టించుకోరు. కొలత ఎంత ఇచ్చినా అమ్మ రెండు వేళ్ళు వదులుగానే కుడుతుంది. "పట్టినట్టు ఉండాలక్కా," అని వాళ్ళు అడిగితే, "ఊపిరాడొద్దా?" అంటుంది. ఆమె దగ్గరికి వచ్చేది పెద్దవాళ్ళు, బాలింతలు. ఆమె అలా ఎందుకు కుడుతుందో నాకు తెలుసు.

అప్పుడు మేం సీతారామపురం అవతల ఉండేవాళ్ళం. నేను రెండో తరగతి. కంది చేలో నాయనను రక్తపింజరి కరిచింది. నేను గట్టు మీద ఆడుకుంటున్నాను, అమ్మ ఆయన పక్కనే ఉంది. పాము కరిస్తే విషం పైకెక్కకుండా కట్టు కట్టాలని ఊరంతా అనుకునే మాటే అమ్మకూ తెలుసు. చీర చెంగు చింపి మోకాలి కింద కట్టింది. చాలదేమోనని దాని మీద ఇంకొకటి కట్టి, అందులో కందికట్టె దూర్చి మెలి తిప్పింది. నాయన అరుస్తుంటే ఏడుస్తూనే ఇంకో మెలి తిప్పింది. బస్సు లేదు. ఏదో ట్రాక్టరు దొరికి ఉదయగిరి చేరి, అక్కడి నుంచి నెల్లూరు పోయేసరికి పొద్దు పోయింది. దారిలో ఆ కట్టు ఎవరూ విప్పలేదు. పెద్ద డాక్టరు విప్పి చూసి, ఎవరమ్మా ఇంత బిగించి కట్టింది, విషం చేసింది కొంత, మిగతాదంతా ఈ కట్టు చేసింది అన్నాడు. అమ్మ నోరు తెరిచింది కానీ మాట రాలేదు. మంచం మీద నుంచి నాయన, "నేనే కట్టుకున్నా సార్," అన్నాడు.

నాయన బతికాడు. కుళ్ళిన కండంతా తీసేశారు. చేను వదిలేసి ఉదయగిరి వచ్చేశాం. ఎవరైనా కాలి సంగతి అడిగితే, "నా పిచ్చితనం, నేనే బిగిచ్చి కట్టుకున్నా," అని నాయన నవ్వుతాడు. అమ్మ లేచి వంటింట్లోకి పోతుంది. ఇన్నేళ్ళలో ఆ మాట అలాగే ఉండిపోయింది. రోజూ సాయంత్రం ఆయన పాదానికి నూనె రాస్తూ, బొటనవేలితో ఒక్కసారి నొక్కి చూస్తుంది అమ్మ. నొక్కిన చోట తెల్లబడుతుంది. మళ్ళీ ఎర్రగా రంగు తిరిగేదాకా చూసి, అప్పుడు చెయ్యి తీస్తుంది.

ఆ ఇంటికి నేను నల్ల ప్యాంటు తీసుకొచ్చాను. ముందు దాని నడుము పట్టీ మీద పసుపు బొట్టు పెట్టింది అమ్మ. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా వేసుకుంటే ఆమెకు నచ్చదు. రెండు నెలలుగా వేసుకుంటున్నానని చెప్పలేదు. చేత్తో సాగదీసి చూసి, వదిలేస్తే టప్పున దగ్గరికి రావడం చూసి, ముఖం ముడుచుకుంది.

పొద్దున్నే పొడుగు టాప్ కింద అది వేసుకుని సీతారామపురం రోడ్డు మీద కొండ కనపడే వైపు పరిగెత్తాను. టీ కొట్టు దగ్గర ఒకాయన, "ఏంది పాపా, ప్యాంటు మర్చిపోయి వచ్చినావా?" అన్నాడు. "నీకూ ఒకటి తెప్పించేదా అన్నా?" అని ఆగకుండానే అన్నాను. ఇంటికి వచ్చేదాకా గుండె దడదడలాడింది. అతనికి భయపడి కాదు, మాట్లాడినందుకు ఊపిరి తప్పి వేగం తగ్గిందేమోనని.

స్నానానికి పోతుంటే అమ్మ నా కాళ్ళు చూసింది. కుట్టు ఉన్న చోటల్లా నిలువుగా ఎర్రటి గీత, చీలమండ చుట్టూ కడియం పెట్టి తీసినట్టు గుంట.

"ఇదేందే?"

"అది అట్నే ఉంటాదమ్మా. కాసేపటికి పోతాది."

ఆమె కింద కూర్చుని నా ఎడమ కాలు పట్టుకుంది. పిక్క మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తెల్లబడింది, ఎర్రబడింది.

"చూడు, రక్తం వచ్చింది గదా," అన్నాను.

"కుట్టు విప్పి కొంచెం వదులు చేసేదా? జాకెట్టుకు చంక కింద ముక్క వేసినట్టు వేస్తే తెలీనే తెలీదు."

"ముట్టుకోబాక," అని అరిచినట్టే అన్నాను. "బిగువే దాని పని. వదులు చేస్తే ఇంకేముంది? నా బతుకంతా ఆ రౌండ్ల మీద ఉండాది."

ఆమె ప్యాంటు మడిచి మంచం మీద పెట్టింది. మధ్యాహ్నం పడుకుని ఉంటే మిషను చప్పుడు వినపడింది. ఎవరిదో జాకెట్టు అనుకుని అటు తిరిగి పడుకున్నాను. మర్నాడు అమ్మ సర్ది ఇచ్చిన సంచి తీసుకుని నెల్లూరు బస్సెక్కాను.

నెల్లూరులో వరికుంటపాడు పిల్ల వాళ్ళ పిన్ని ఇంట్లో దిగాం. పరీక్ష రోజు తెల్లవారుజామున లేచి ప్యాంటు వేసుకోవడం మొదలుపెట్టాను. కుడి కాలు ఎప్పటిలాగే మొరాయించి ఎక్కింది. ఎడమ కాలు సులువుగా ఎక్కింది. ఆ సులువుకే నా ఒళ్ళు చల్లబడింది. కాలు తిప్పి చూసుకున్నాను. మోకాలి నుంచి చీలమండ దాకా లోపలి వైపు కుట్టు విప్పి, మధ్యలో పొడుగాటి ముక్క వేసి ఉంది. నాయన పాత గళ్ళ లుంగీ ముక్క. ఉతికి ఉతికి మెత్తబడిన నీలం గళ్ళు. రెండు వరసల కుట్టు, ఎంత బాగా కుట్టిందో. కుడి కాలి జోలికి పోలేదు. ఎడమ కాలికి మాత్రమే వేసింది.

ఇంటికి ఫోను చేశాను. నాయన ఎత్తాడు.

"నా ప్యాంటు ఎవరు విప్పినారు నాయనా?"

 ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేనే విప్పినా పాపా."

సూదిలో దారం ఎక్కించడం రాదు మా నాయనకు. చొక్కా గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని తిరుగుతాడు.

"నీ కాలి మీద ఆ గీతలు చూసి నాకే బయమేసింది. మీ అమ్మను ఏమీ అనబాక."

"అమ్మ యాడుండాది?"

"ఈడే. పక్కనే ఉండాది."

 రెండో తరగతిలో ఆసుపత్రి మంచం పక్కన నిలబడి విన్న మాటే మళ్ళీ విన్నాను. కోపం పోయింది. భయం మాత్రం పోలేదు. ఫోను పెట్టేసి ఏడుస్తుంటే నా స్నేహితురాలు కంగారుపడిపోయింది.

"ఏడవబాకే, టైము లేదు. చున్నీ చించి మోకాలి కింద బిగిచ్చి కట్టెయ్, అదే పట్టుకుంటాది," అంది.

తోచక సరే అన్నాను. ఆమె చించి ఇచ్చిన గుడ్డను మోకాలి కింద రెండు చుట్లు చుట్టి లాగాను. ఇంకొంచెం బిగిద్దామని మళ్ళీ లాగాను. అప్పుడు నా పాదం కేసి చూశాను. నా చేతులు ఆగిపోయాయి. అమ్మ కూడా ఇలాగే, చాలదేమోననే భయంతోనే, ఇంకో మెలి తిప్పి ఉంటుంది. ఆ భయం ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకు నా చేతులకు తెలిసింది. కట్టు విప్పి పారేసి, "అట్నే పోతాలే," అన్నాను.

పాత చుడీదార్ ప్యాంటు కూడా తెచ్చుకోలేదు. పరిగెత్తడానికి పనికొచ్చేది ఇదొక్కటే.

గ్రౌండులో చెస్ట్ నంబరు కట్టుకుని వరసలో నిలబడ్డాం. విజిల్ పడింది. కుడి కాలు నాకు అలవాటైన పట్టులో ఉంది. ఎడమ కాలు పాత రోజుల్లోలాగా అడుగడుక్కూ అదురుతోంది. ఒకే మనిషిలో రెండు రకాల కాళ్ళు. ముందున్న వాళ్ళ జడలు చూస్తూ పరిగెత్తమని సారు చెప్పాడు, నేను మాత్రం నా ఎడమ పిక్క చెప్పేది వింటూ పరిగెత్తాను. ఇప్పుడు పట్టేస్తుందా, ఈ అడుగుకు పట్టేస్తుందా. సగం దాటాక లుంగీ ముక్క కుట్టు చర్మం మీద కోసుకోవడం మొదలుపెట్టింది. మండుతోంది. మండుతున్నంతసేపు కండ పట్టేయలేదులే అని సమాధానం చెప్పుకున్నాను. చివరి రౌండులో ఇద్దరమ్మాయిలు పక్కన కూలబడ్డారు. వాళ్ళను దాటుతున్నప్పుడు జాలి కూడా కలగలేదు, దేవుడా నేను కాదు అనుకున్నాను.

గీత దాటాక ఎంత పట్టిందో నాకు తెలియదు. నెగ్గినవాళ్ళు ఒక పక్క, కానివాళ్ళు ఒక పక్క నిలబడాలి. ఒక పోలీసావిడ నా నంబరు చూసి, చేతిలో కాగితం చూసి, మళ్ళీ నంబరు చూసింది. ఆమె చెయ్యి ఎటు పోతుందో అని చూస్తూ నిలబడ్డాను. నెగ్గినవాళ్ళ వైపు చూపించింది. ఆఖరివాళ్ళలో దాన్ని, అయినా గడువులోపలే.

ఫోనులో నాయనకు ఒక్క మాట చెప్పి బస్సెక్కాను. ఆత్మకూరు, వింజమూరు మీదుగా ఉదయగిరి చేరేసరికి సాయంత్రమైంది. నాయన గడపలో కూర్చుని ఉన్నాడు. అమ్మ మిషను ముందు కూర్చుని ఉంది, కుట్టడం లేదు. నన్ను చూసి లేచి వచ్చి, పాస్ అయినందుకు ఏమీ అనకుండా, "కాలు చూపీ," అంది.

"ఏమీ లేదమ్మా. బాగుండాది."

కింద కూర్చుని పైజమా పైకి లాగింది. మోకాలి నుంచి కిందికి కుట్టు వెంబడి చర్మం లేచిపోయి, రక్తం ఎండి నల్లగా గీత కట్టి ఉంది. అమ్మ ఆ గీత వైపే చూస్తూ ఉండిపోయింది.

"నేను సరిగ్గా కుట్టలా," అన్నాడు నాయన గడపలో నుంచే. "అందుకే కోసుకోనింది."

అమ్మ తల తిప్పి ఆయనను చూసింది.

"నువ్వు కుట్టినావా? సూది యాడ పెడతానో తెల్సా నీకు?"

నాయన తల దించుకుని లుంగీ సర్దుకున్నాడు.

"విప్పింది నేను. ముక్క వేసింది నేను," అంది అమ్మ.   "ఆ పొద్దు నీ కాలు కట్టింది కూడా నేనే. డాక్టరు అడిగితే చెప్పలేకపోయినా. నేనే కట్టినా."

నేను నాయన వైపు చూశాను. ఆయన తన ఎడమ కాలు చేత్తో ఎత్తి గడప లోపలికి పెట్టుకున్నాడు.

"నా కాలు నువ్వు కడతా ఉంటే నాకు తెలీదా?" అన్నాడు. "కట్టకుండా నిలబడి చూస్తా ఉంటివా, అప్పుడు నిలదీసి అడిగేవాణ్ణి."

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మేమిద్దరం ఏడవనిచ్చాం. తర్వాత ముక్కు తుడుచుకుని, నా సంచిలో నుంచి ప్యాంటు తీసి, బ్లేడుతో లుంగీ ముక్క కుట్లు ఒక్కొక్కటే విప్పింది.

"సెలెక్ట్ అయితే ట్రైనింగులో మళ్ళీ పరిగెత్తాల గదా. వేసుకోని ఇట్రా. ఎంత బిగి కావాల్నో నువ్వే చెప్పు."

గాయం మీద పలచటి గుడ్డ చుట్టి వేసుకుని ఆమె ముందు నిలబడ్డాను. విప్పిన అంచులు రెండూ దగ్గరికి తెచ్చి, గుండుసూదులు పెడుతూ వచ్చింది. చీలమండ దగ్గరికి వచ్చాక ఆగి, నా పాదం మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తెల్లబడింది. ముగ్గురం దాని వైపే చూస్తున్నాం. ఎర్రగా రంగు తిరిగింది.

"ఇంకొంచెం బిగించమ్మా," అన్నాను.

బిగించింది.